విలియం కోలీ: ఒక మరణము నేర్పిన వైద్యము

రోగిని రక్షింపలేకపోయిన దినమును వైద్యుడు మరువజాలడు. అట్టి యొక దినమే అమెరికా శస్త్రవైద్యుడగు విలియం కోలీ జీవితమునకు దారి చూపినది.

కోలీ 1862 లో కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. 1888 లో హార్వర్డున వైద్యవిద్య ముగించి, న్యూయార్కు నగరమున శస్త్రవైద్యుడయ్యెను. 1890 లో పదునేడేండ్ల బాలిక యొకతె చేతినొప్పితో ఆయనకడకు వచ్చెను. అది సార్కోమా అను కాన్సరు. చేయి తొలగించినను వ్యాధి శరీరమంతట ప్రాకెను. 1891 జనవరిలో ఆమె మరణించెను.

ఆ మరణము యువవైద్యుని మనస్సును కలచివేసెను. ఆయన ఆస్పత్రిలోని పాత రోగుల పత్రములను పరిశీలింపసాగెను. అందొక వింత వృత్తాంతము కంటబడెను. మెడమీద కాన్సరు కణితి గల జర్మను వలసవాసి యొకనికి పలుమారులు శస్త్రచికిత్స చేసినను కణితి మరల మరల పెరిగెను. వైద్యులు ఆశ వదలుకొనిరి. అంతలో ఎరిసిపెలాస్ అను చర్మవ్యాధి సోకి అతనికి తీవ్రజ్వరము వచ్చెను. జ్వరముతోపాటు కణితియు మాయమయ్యెను. కోలీ నగరమంతయు వెదకి అతనిని కనుగొనెను. ఏండ్లు గడచినను అతడు ఆరోగ్యముగనే యుండెను.

ముల్లును ముల్లుతో తీసినట్లు, రోగముతో రోగమును తొలగింపవచ్చునా? 1891 లో కోలీ ఎరిసిపెలాస్ కలిగించు సజీవ క్రిములనే రోగులకు సూదితో ఎక్కించి చూచెను. కొందరికి కణితులు తగ్గెను. కొందరు ఆ జ్వరముతోనే మరణించిరి. అందుచే 1893 నుండి, చంపిన రెండు జాతుల క్రిముల మిశ్రమమును వాడసాగెను. కడుపులో పెద్ద కణితి గల బాలుడొకడు ఆ మందుతో కోలుకొని, ఇరువదియైదేండ్లకు పైగా జీవించెను.

క్రిముల పదార్థములు శరీరమున నిద్రాణమైయున్న రక్షణబలమును మేల్కొలుపుననియు, ఆ బలము కాన్సరు కణములనుగూడ ఎదుర్కొనుననియు నేడు మన మెరుగుదుము. నాడు కోలీ ఈ కారణమును నిరూపింపలేకపోయెను. మందు పాళ్ళు నిలకడగా నుండలేదు; ఫలితములును ఒకే తీరున రాలేదు. ఎక్స్‌రే, రేడియం చికిత్సలు ప్రబలెను. ప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు జేమ్స్ యూయింగ్ ఆయన పద్ధతిని గట్టిగా వ్యతిరేకించెను. 1936 లో కోలీ మరణించునప్పటికి దానిపై పెక్కుమందికి నమ్మకము సన్నగిల్లెను.

కాని ఆయన వ్రాసి యుంచిన కాగితములు మిగిలెను. వైద్యవిద్య చదువని ఆయన కుమార్తె హెలెన్ వానిని శ్రద్ధతో చదివి, వందలకొలది రోగుల వృత్తాంతములను క్రోడీకరించెను. 1953 లో న్యూయార్కున కాన్సరు పరిశోధన సంస్థను నెలకొల్పుటలో ఆమె ముఖ్యపాత్ర వహించెను.

మన పసిపిల్లలకు క్షయ రాకుండుటకు వేయు బి.సి.జి. టీకామందును, మూత్రాశయపు కాన్సరుకు వాడుటకు 1990 లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. దానియందలి క్రిములు బలహీనపరచినవేగాని చంపినవి కావు. అది కోలీ మందు కాదు. అయినను కోలీ వెదకిన దారి యదియే. ఆయన మందు నిలువలేదు. ఆ బాలిక మరణము ఆయనలో రేపిన ప్రశ్న మాత్రము నిలిచినది.