రాయల్ కోప్‌లాండ్: హెయిర్ డై ప్యాకెట్ మీది హెచ్చరిక వెనక ఓ కంటి డాక్టర్.. ఐదేళ్లు పోరాడి, చట్టం మీద సంతకం పడకముందే కన్నుమూత

ఇంట్లో హెయిర్ డై ప్యాకెట్ ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ముందు చర్మం మీద కొంచెం రాసి పరీక్షించుకోవాలని, కనురెప్పలకు, కనుబొమలకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దని, వాడితే చూపు పోయే ప్రమాదం ఉందని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చాలామంది చదవకుండానే డబ్బా పక్కన పడేస్తారు. కానీ ఆ రెండు మూడు వాక్యాల వెనక కళ్లు పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారు. వాళ్ల కష్టాన్ని చట్టంగా మార్చడానికి ఐదేళ్లు తిప్పలు పడ్డ ఓ డాక్టర్ కూడా ఉన్నారు. ఆయనే అమెరికా సెనేటర్ రాయల్ శామ్యూల్ కోప్‌లాండ్.

పల్లెటూరి కుర్రాడు.. కంటి డాక్టర్

కోప్‌లాండ్ 1868 నవంబర్ 7న మిషిగన్ రాష్ట్రంలోని డెక్స్‌టర్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. మిషిగన్ యూనివర్సిటీలో హోమియోపతి వైద్యం చదివి 1889లో పట్టా తీసుకున్నారు. కొన్నేళ్లు బే సిటీలో ప్రాక్టీస్ చేసి, తర్వాత చదివిన చోటే ప్రొఫెసర్‌గా చేరారు. ఆయన చెప్పింది కళ్లు, చెవుల వైద్యం. కళ్లను నమ్ముకుని బతికిన ఈ డాక్టరే తర్వాతి రోజుల్లో కళ్లు పోగొట్టే రంగుల మీద చట్టం తేవాల్సి వచ్చింది.

రాజకీయాలు కూడా అక్కడే మొదలయ్యాయి. 1901 నుంచి 1903 వరకు ఆన్ ఆర్బర్ పట్టణానికి మేయర్‌గా చేశారు. అప్పుడు ఆయన రిపబ్లికన్. 1908లో న్యూయార్క్ వెళ్లి అక్కడి హోమియోపతి మెడికల్ కాలేజీకి డీన్ అయ్యారు. 1918లో న్యూయార్క్ నగర హెల్త్ కమిషనర్ పదవి దక్కింది. అదే ఏడాది స్పానిష్ ఫ్లూ విరుచుకుపడింది. చాలా నగరాలు బడులు, థియేటర్లు మూసేస్తే కోప్‌లాండ్ మాత్రం తెరిచే ఉంచారు. రైళ్లలో రద్దీ తగ్గించడానికి ఆఫీసులు, షాపుల వేళలు మార్చారు. పిల్లలు ఇరుకు ఇళ్లలో ఉండేకన్నా నర్సులు రోజూ చూసే బడిలో ఉండటమే మేలని ఆయన లెక్క. దీని మీద అప్పట్లోనే విమర్శలు వచ్చాయి.

పేపర్లలో ఆరోగ్య సలహాల కాలమ్ రాయడంతో ఆయన పేరు ఇంటింటికీ చేరింది. 1922లో పార్టీ మారి, డెమోక్రాట్‌గా సెనేట్‌కు గెలిచారు. 1928లో, 1934లో మళ్లీ గెలిచారు. కోటుకు ఎర్రటి కార్నేషన్ పువ్వు పెట్టుకుని సభకు రావడం ఆయన గుర్తు.

చట్టం ఉంది.. కానీ క్రీములకు, రంగులకు వర్తించదు

అప్పటికి అమెరికాలో 1906 నాటి ఆహార, ఔషధ చట్టం అమల్లో ఉంది. తినే సరుకులో కల్తీ ఉన్నా, మందు లేబుల్ మీద తప్పు రాసినా కేసు పెట్టొచ్చు. కానీ ముఖానికి, జుట్టుకు, ఒంటికి రాసుకునేవి ఆ చట్టం పరిధిలోనే లేవు. క్రీమ్ డబ్బాలో ఏముందో చెప్పాల్సిన పని లేదు. వాడి జబ్బు పడినా అధికారులు సరుకు స్వాధీనం చేసుకోలేరు.

ఆ ఖాళీలో ఏం జరిగిందో చూడండి. కోరెమ్లు అనే క్రీమ్ అవాంఛిత రోమాలు తొలగిస్తుందని అమ్మారు. అందులో ఉన్నది థాలియం. ఎలుకల మందులో వాడే విషం అది. వాడిన ఆడవాళ్లలో కొందరికి నరాలు దెబ్బతిన్నాయి, కొందరికి తల మీద జుట్టు కూడా ఊడిపోయింది. బాధితులు కోర్టుకెక్కితే కంపెనీ దివాళా తీసిందే తప్ప, ప్రభుత్వం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఇంకొకటి లాష్ లూర్. బ్యూటీ పార్లర్లలో కనురెప్పలకు, కనుబొమలకు వేసే నల్ల రంగు. ఇందులో తారు నుంచి తీసే పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం ఉండేది. అది పడనివాళ్లకు రెప్పలు వాచి, పుండ్లు పడి, కంటిపాప వరకు దెబ్బతినేది. చూపు పోయినవాళ్లు ఉన్నారు. ఒక మహిళ ప్రాణమే పోయింది. అయినా ఆ రంగు అంగట్లో అమ్ముతూనే ఉన్నారు.

మరోవైపు ఇంట్లో మురికి కడగడానికి వాడే ఘాటు క్రిమిసంహారక ద్రావణాలను ఆడవాళ్ల అంతరంగిక శుభ్రతకు మంచివంటూ పత్రికల్లో ప్రకటనలు గుప్పించేవారు. ఒళ్లు కాలినా బయటికి చెప్పుకోలేని విషయం కాబట్టి ఫిర్యాదులు కూడా తక్కువే.

1933.. భయానక గది

1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కొత్త బిల్లు తయారు చేయించింది. దాన్ని సెనేట్‌లో పెట్టే బాధ్యత కోప్‌లాండ్ తీసుకున్నారు. సౌందర్య సాధనాలను తొలిసారి చట్టం కిందికి తేవడం, ప్రకటనల మీద కూడా అదుపు ఉంచడం దాని ఉద్దేశం.

ఫుడ్ అండ్ డ్రగ్ అధికారులు ప్రమాదకరమైన సీసాలు, లేబుళ్లు, బాధితుల ఫొటోలు పోగుచేసి ఓ ప్రదర్శన పెట్టారు. లాష్ లూర్ వేయించుకోకముందు నవ్వుతున్న మహిళ, వేయించుకున్నాక కళ్లు మూసుకుపోయిన అదే మహిళ.. పక్కపక్కనే రెండు ఫొటోలు. జనం ఆ ప్రదర్శనకు భయానక గది అని పేరు పెట్టేశారు. మహిళా సంఘాలు బిల్లు కోసం ఊరూరా ప్రచారం చేశాయి.

వ్యాపారులు ఊరుకోలేదు. మందుల కంపెనీలు, క్రీముల కంపెనీలు ఒక్కటయ్యాయి. ప్రకటనల ఆదాయం పోతుందని చాలా పత్రికలు ఈ వార్తలను పట్టించుకోలేదు. మొదటి బిల్లు ముందుకు కదల్లేదు.

ఒక అడుగు ముందుకు.. రెండు అడుగులు వెనక్కి

ఇక్కడ కోప్‌లాండ్ పాత్ర మీద వాదన ఉంది. ఆయన బిల్లును ఒకసారి కాదు, పలుమార్లు తిరగరాశారు. రాసిన ప్రతిసారీ కంపెనీలకు కొంత వదిలేశారు. బిల్లు నీరుగారిపోతోందని వినియోగదారుల తరఫు వాళ్లు మండిపడ్డారు. పైగా ఆయన రేడియోలో చేసే ఆరోగ్య ప్రసంగాలకు డబ్బు ఇచ్చేది వ్యాపార సంస్థలే. అటు ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌తో కూడా ఆయనకు పెద్దగా పొసగలేదు. దాంతో వైట్‌హౌస్ నుంచి గట్టి అండ దొరకలేదు.

అయినా ఆయన బిల్లును వదల్లేదు. 1935లో సెనేట్‌లో నెగ్గించారు. ప్రకటనల మీద అధికారం ఏ శాఖకు ఉండాలన్న గొడవతో 1936లో అది దిగువసభ దాటలేకపోయింది. 1937లో మళ్లీ సెనేట్‌లో నెగ్గించారు.. మళ్లీ దిగువసభలో ఆగింది.

అదే ఏడాది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఘోరం జరిగింది. ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ అనే మందు తాగి వందమందికి పైగా చనిపోయారు. అందులో చాలామంది పిల్లలు. మందును కరిగించడానికి డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషాన్ని వాడారు. అమ్మేముందు పరీక్షించాలన్న నిబంధనే లేదు. ఆల్కహాల్ లేకుండా ఎలిక్సిర్ అని పేరు పెట్టడం తప్పు కాబట్టి, కేవలం ఆ సాకుతో అధికారులు సీసాలు వెనక్కి లాక్కోగలిగారు. పేరు వేరేది పెట్టి ఉంటే ఆ దారి కూడా ఉండేది కాదు.

దాంతో దేశం కదిలింది. కొత్త మందు ఏదైనా అమ్మేముందు సురక్షితమని చూపించాలన్న నిబంధన బిల్లులో చేరింది. 1938 జూన్‌లో రెండు సభలూ ఆమోదించాయి.

సంతకానికి ఎనిమిది రోజుల ముందు

కోప్‌లాండ్ అప్పటికే బాగా అలసిపోయి ఉన్నారు. 1937లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేయాలని చూసి రెండు పార్టీల ప్రైమరీల్లోనూ ఓడిపోయారు. 1938 జూన్ 17న వాషింగ్టన్‌లో 69 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జూన్ 25న రూజ్‌వెల్ట్ చట్టం మీద సంతకం చేశారు. ఎనిమిది రోజులు.. అంతే తేడా.

శుభ్రత కోసం, అందం కోసం ఒంటికి రాసేవి, పోసేవి, చల్లేవి, శరీరం లోపలికి వాడేవి అన్నీ కాస్మెటిక్స్ నిర్వచనం కిందికి వచ్చాయి. మామూలు సబ్బుకు మినహాయింపు దొరికింది. కొత్త చట్టం కింద అధికారులు మొట్టమొదట స్వాధీనం చేసుకున్న సరుకు ఏంటో తెలుసా? లాష్ లూర్.

వదిలేసినవి కూడా తక్కువేం కాదు. తారు నుంచి వచ్చే హెయిర్ డైలను నిషేధించలేదు. హెచ్చరిక రాసి, చర్మం మీద పరీక్ష చేసుకోమని చెబితే అమ్ముకోవచ్చన్నారు. కనురెప్పల రంగుకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. సౌందర్య సాధనాలకు అమ్మకానికి ముందు అనుమతి అక్కర్లేదు, హాని ఉందని నిరూపించాల్సింది ప్రభుత్వమే. కోప్‌లాండ్ తన హోమియోపతి మందులకు కూడా ఇదే చట్టంలో గుర్తింపు ఇప్పించారు. అది ఇప్పటికీ చర్చే. ప్రమాదకరమైన కాస్మెటిక్‌ను మార్కెట్ నుంచి తప్పనిసరిగా వెనక్కి తెప్పించే అధికారం అమెరికా అధికారులకు 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టంతో గానీ దక్కలేదు. అంటే 84 ఏళ్లు పట్టింది.

మన దగ్గర ఏంటి?

మన దేశంలో 1940లో డ్రగ్స్ చట్టం వచ్చింది. కాస్మెటిక్స్ అందులో చేరింది 1962 సవరణతో. ఇప్పుడు 2020 కాస్మెటిక్స్ రూల్స్ అమల్లో ఉన్నాయి. ఇక్కడ తయారు చేయాలంటే రాష్ట్ర అధికారుల లైసెన్స్ ఉండాలి. ఏపీ, తెలంగాణల్లో ఆ పని చూసేది డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలపడం నిషేధం. పారాఫినైలిన్‌డయమిన్ ఉన్న హెయిర్ డై మీద హెచ్చరిక తప్పనిసరి.

ఆ హెచ్చరిక చెప్పే పరీక్ష పెద్ద పనేం కాదు. చెవి వెనక గానీ, మోచేతి లోపలి వైపు గానీ కొంచెం రాసి 24 గంటలు చూడాలి. దురద, మంట, వాపు వస్తే ఆ డై వాడకూడదు. కనురెప్పల జోలికి అసలు వెళ్లకూడదు. నిషేధం బదులు హెచ్చరికతో సరిపెట్టిన రాజీ అది.. కాబట్టి చదివితేనే పనికొస్తుంది.