ఎఫ్.ఎం. రేడియో పితామహుడు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్

ఆర్మ్‌స్ట్రాంగ్ ఎవరని మన హాస్టల్లో ఏ తమ్ముణ్ణి అడిగినా చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే చెబుతాడు. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఉండేది ఆ పేరే. మేము ఈ వార్షికోత్సవ సంచికలో పరిచయం చేస్తున్న ఆర్మ్‌స్ట్రాంగ్ వేరు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక మనం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినే ఎఫ్.ఎం. పాటలో గరగర లేదంటే అది ఈయన చలవే. పూర్తి పేరు ఎడ్విన్ హోవార్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్. మేము ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చదువుతూ ఆయన సర్క్యూట్లు గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, ఆయన బతుకు కథ ఏ సిలబస్‌లోనూ కనపడలేదు. లైబ్రరీలో వెతికి చదివాక మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనిపించింది.

ఆయన 1890 డిసెంబర్ 18న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి ఒక ప్రచురణ సంస్థలో ఉద్యోగి. తల్లి పెళ్ళికి ముందు బడిలో పాఠాలు చెప్పేవారు. అంటే మనలో చాలామందికి లేని పుస్తకాల ఇల్లు ఆయనకు ఉంది. ఇది దాచిపెట్టి ఆయన్ని బీద విద్యార్థిగా చూపించడం మాకు ఇష్టం లేదు. అయితే చిన్నప్పుడు కోరియా అనే నరాల జబ్బు వచ్చి రెండేళ్ళు బడి మానేసి ఇంట్లోనే చదువుకోవలసి వచ్చింది. దాని గుర్తుగా మెడ, భుజం అదిరే అలవాటు జీవితాంతం ఉండిపోయింది. తర్వాత వాళ్ళ కుటుంబం యాంకర్స్ అనే ఊరికి మారింది. అక్కడ ఇంటి వెనక ఆయన సొంతంగా 125 అడుగుల ఏరియల్ స్తంభం నిలబెట్టారు. మన సూర్యలంక వైపు రెండు కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో అంత. దాని చివరిదాకా తానే ఎక్కేవారు. ఎత్తంటే ఆయనకు భయం ఉండేది కాదు.

కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చేరారు. రోజూ మోటార్‌సైకిల్ మీద ఇంటి నుంచి కాలేజీకి వెళ్ళి వచ్చేవారు. అప్పటికి లీ డి ఫారెస్ట్ తయారుచేసిన ఆడియాన్ అనే వాల్వు ఉండేది. అది ఎలా పనిచేస్తుందో, తయారుచేసిన ఆయనతో సహా ఎవరికీ సరిగా తెలియదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఓపికగా కొలతలు తీసుకున్నారు. వాల్వులోంచి బయటికి వచ్చిన సిగ్నల్‌లో కొంత మళ్ళీ లోపలికే పంపితే అది ఎన్నో రెట్లు పెరుగుతుందని 1912లో కనుక్కున్నారు. చెవి రిక్కించినా వినపడని దూరపు స్టేషన్లు గదంతా వినిపించాయి. దీన్నే రీజనరేషన్ అంటారు. అప్పటికి ఆయన ఇంకా డిగ్రీ విద్యార్థే.

పేటెంట్ తీసుకోవడానికి డబ్బు కావాలి. ముందు డిగ్రీ పూర్తి చెయ్యమని తండ్రి డబ్బు ఇవ్వలేదు. (ఈ మాట ఏ దేశంలోనైనా తండ్రులు అనేదే!) చివరికి ఒక బంధువు సలహా మీద సర్క్యూట్ బొమ్మను కాగితం మీద గీసి నోటరీ దగ్గర ముద్ర వేయించుకున్నారు. ఆ తేదీ 1913 జనవరి 31. ఈ తేదీ మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి. అదే ఏడాది అక్టోబరులో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, మరుసటి ఏడాది మంజూరైంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి పారిస్ వెళ్ళారు. 1918లో అక్కడే సూపర్ హెటిరోడైన్ పద్ధతి కనిపెట్టారు. ఏ స్టేషన్ పట్టుకున్నా దాన్ని ఒకే మధ్య ఫ్రీక్వెన్సీకి మార్చుకుని పెంచడం దీని కిటుకు. తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు ఇళ్ళలోకి వచ్చిన రేడియోలు, టీవీలు దాదాపు అన్నీ ఈ పద్ధతిలోవే. యుద్ధం నుంచి వచ్చాక పేటెంట్లు అమ్మితే డబ్బు, ఆర్.సి.ఎ. అనే పెద్ద రేడియో కంపెనీలో వాటాలు వచ్చాయి. ముప్పై రెండేళ్ళకే లక్షాధికారి అయ్యారు. ఆర్.సి.ఎ.లో పైకి ఎదుగుతున్న డేవిడ్ సర్నాఫ్ ఆయనకు మంచి స్నేహితుడు. సర్నాఫ్ సెక్రటరీ మారియన్ మాకిన్నిస్‌ను 1923 డిసెంబరులో పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళికానుకగా ఎక్కడికైనా మోసుకెళ్ళగల సూపర్ హెటిరోడైన్ రేడియో స్వయంగా తయారుచేసి ఇచ్చారు.

ఇక్కడి నుంచి కథ కోర్టుల్లోకి వెళుతుంది. రీజనరేషన్ తనదేనని డి ఫారెస్ట్ దావాకు దిగారు. 1912 ఆగస్టులో తన నోటుబుక్కులో ఒక కూత శబ్దం గురించి రాసుకున్నానని, నోటరీ తేదీ కన్నా అదే ముందని ఆయన వాదన. ఆ కూత ఎందుకు వచ్చిందో డి ఫారెస్ట్‌కు అప్పుడు తెలియలేదని ఇంజనీర్లలో ఎక్కువమంది అభిప్రాయం. అయినా సుమారు ఇరవై ఏళ్ళు సాగిన వ్యాజ్యంలో 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షాన తీర్పు ఇచ్చింది. ఈ ఆవిష్కరణకే రేడియో ఇంజనీర్ల సంఘం ఆర్మ్‌స్ట్రాంగ్‌కు పూర్వం పతకం ఇచ్చి ఉంది. తీర్పు వచ్చాక ఆయన ఆ ఏడాది సభకు వెళ్ళి, పతకాన్ని తిరిగి ఇచ్చేస్తానన్నారు. సంఘం తీసుకోలేదు. పతకం ఆయనదేనని మరోసారి ప్రకటించింది. సభలో ఉన్న ఇంజనీర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పని తెలిసినవాళ్ళు ఒక మాట అన్నారు, న్యాయస్థానం ఇంకో మాట అన్నది. మా ఉద్దేశంలో ఆయన జీవితం మొత్తం ఈ రెండు మాటల మధ్యే నలిగింది.

ఎఫ్.ఎం. ఆలోచన అప్పటికే పండింది. ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు. పాత మీడియం వేవ్ రేడియోలో, అంటే ఎ.ఎం.లో, పాటను బట్టి తరంగం ఎత్తు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పిడుగు పడినా, ట్యూబ్‌లైట్ మిణుకుమన్నా అవి కూడా తరంగం ఎత్తునే చెడగొడతాయి. అందుకే విజయవాడ కేంద్రంలో నాటకం వస్తుంటే మన తుపాను రోజుల్లో పెద్దవాళ్ళు రేడియోను అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవారు. ఎఫ్.ఎం.లో తరంగం ఎత్తు మారదు, సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య మారుతుంది. కుంచం నిండాక పైకి లేచిన గింజలను అంచుకు సమానంగా చేత్తో గీసేస్తాం కదా, అలా రిసీవర్‌లో లిమిటర్ అనే భాగం తరంగం ఎత్తులోని హెచ్చుతగ్గులను గీసేస్తుంది. దాంతోపాటు పిడుగు చప్పుడూ పోతుంది. పాట మాత్రం కంపనాల సంఖ్యలో భద్రంగా ఉంటుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ముందు కూడా ఎఫ్.ఎం. గురించి ఆలోచించినవారు ఉన్నారు. అయితే వాళ్ళు ఇరుకు దారిలో పంపాలని చూశారు. దానివల్ల లాభం లేదని గణితశాస్త్రజ్ఞులు తేల్చేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ దారిని బాగా వెడల్పు చేశారు. 1933 డిసెంబర్ 26న పేటెంట్లు వచ్చాయి.

1934లో ఎంపైర్ స్టేట్ భవనం మీద నుంచి ప్రయోగాలు చేస్తే సుమారు 70 మైళ్ళ దూరంలో స్పష్టంగా వినపడింది. బాపట్ల నుంచి విజయవాడకు తిన్నగా గీత గీస్తే దాదాపు 70 కిలోమీటర్లు. అంటే అంతకన్నా చాలా ఎక్కువ దూరమే. 1935 నవంబర్ 5న న్యూయార్క్‌లో ఇంజనీర్ల సభలో ప్రదర్శన ఇచ్చారు. యాంకర్స్‌లో ఒక మిత్రుడి ఇంటి నుంచి ప్రసారం. గ్లాసులో నీళ్ళు పోసిన చప్పుడు, కాగితం నలిపి చింపిన చప్పుడు, గంట మోగిన శబ్దం వినిపించారు. సభలో ఉన్నవాళ్ళు అప్పటివరకు రేడియోలో నీళ్ళు నీళ్ళలా వినపడటం ఎరగరు. అన్నిటికన్నా వాళ్ళను ఆశ్చర్యపరిచింది ఒక శబ్దానికీ మరో శబ్దానికీ మధ్య ఉన్న నిశ్శబ్దమట. మాకు ఈ ఘట్టం అన్నిటికన్నా ఇష్టం. ఎందుకంటే ఆయన కనిపెట్టింది పెద్ద శబ్దాన్ని కాదు, చిన్న శబ్దం బతకడానికి కావలసిన చోటుని.

సర్నాఫ్ ఆశించింది మాత్రం ఉన్న రేడియోకు తగిలించే చిన్న పరికరాన్ని. స్నేహితుడు తెచ్చింది స్టేషన్లూ సెట్లూ అన్నీ మార్చవలసిన కొత్త పద్ధతిని. ఆర్.సి.ఎ. చూపంతా టెలివిజన్ మీద ఉంది. 1935లో ఎంపైర్ స్టేట్ నుంచి సామాను తీసేయమన్నారు. ఆయన తన సొంత డబ్బుతో న్యూజెర్సీలోని ఆల్పైన్ వద్ద 425 అడుగుల టవర్ కట్టి 1939లో పూర్తి శక్తితో ప్రసారం చేశారు. 1940లో ఆర్.సి.ఎ. ఒకేసారి పది లక్షల డాలర్లు ఇస్తామంటే ఒప్పుకోలేదు. మిగతా కంపెనీలన్నీ రాయల్టీ కడుతుంటే దీనికి మాత్రం మినహాయింపు ఎందుకన్నది ఆయన పట్టుదల. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం దగ్గర మాత్రం రాయల్టీ తీసుకోలేదు. 1945లో ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎం.ను 42-50 మెగాహెర్ట్జ్ నుంచి పైకి, ఇప్పుడు మన ఫోన్లో కనపడే 88-108 పట్టీకి మార్చింది. జనం కొనుక్కున్న లక్షల సెట్లు ఒక్క నిర్ణయంతో మూలన పడ్డాయి.

1948లో ఆయన ఆర్.సి.ఎ. మీద దావా వేశారు. కంపెనీ లాయర్లు ఆయన్నే నెలల తరబడి ప్రశ్నించారు. ఎఫ్.ఎం. అభివృద్ధికి అందరికన్నా ఎక్కువ చేసింది తమ సంస్థలేనని సర్నాఫ్ ప్రమాణం చేసి చెప్పారు. ఈలోగా 1950లో పేటెంట్ల గడువు ముగిసింది. డబ్బు హరించుకుపోయింది. 1953 చివర్లో భార్యతో మాటామాటా పెరిగి ఆమె తన సోదరి ఇంటికి వెళ్ళిపోయారు. 1954 జనవరి 31 రాత్రి ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. నోటరీ ముద్ర పడి అప్పటికి సరిగ్గా 41 ఏళ్ళు.

ఈ విషయం రాయాలా వద్దా అని మేము చాలా ఆలోచించాం. ఈ పత్రిక చదివేవారిలో ఏడో తరగతి పిల్లలు కూడా ఉన్నారు. కానీ దాచితే తర్వాత జరిగింది అర్థం కాదు. మారియన్ వ్యాజ్యాలను వదల్లేదు. ఆర్.సి.ఎ.తో అదే ఏడాది పది లక్షల డాలర్లకు పైగా పరిహారంతో రాజీ కుదిరింది. మిగతా కంపెనీల మీద ఒక్కొక్కటే గెలుస్తూ వచ్చి, 1967లో మోటరోలా మీద ఆఖరి విజయం సాధించారు. ఆ గెలుపులన్నీ ఆయన కూడా చూసి ఉండేవారు. మీలో ఎవరికైనా మనసు అంత బరువెక్కితే ఆ రాత్రే వార్డెన్ గారికో పక్క మంచం అన్నయ్యకో చెప్పండి.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977 జూలై 23న మద్రాసులో మొదలైంది. ప్రైవేటు స్టేషన్లు 2001 నుంచి వచ్చాయి. స్టేషన్‌లో స్టూడియోకూ ట్రాన్స్‌మీటర్‌కూ మధ్య ఆడియో ప్రాసెసర్ అనే పెట్టె ఉంటుంది. దాని పని ఆర్మ్‌స్ట్రాంగ్ వేసిన దారి హద్దులు కాపాడటం. కంపనాలు అటూ ఇటూ 75 కిలోహెర్ట్జ్‌కు మించి ఊగకూడదు, మించితే పక్క స్టేషన్ మీద పడుతుంది. ఇందులో ఒక చిక్కుంది. సన్నటి శబ్దాలలో సుయ్ మనే చప్పుడు కలవకుండా, పంపేముందు వాటిని పెంచి, రిసీవర్‌లో అంతే తగ్గిస్తారు. మన దేశంలో ఈ కొలత 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. మేము లెక్క వేస్తే 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఇక్కడ సుమారు 4.8 రెట్లు, అక్కడ సుమారు 7 రెట్లు పెంపు వచ్చింది. తాళాలు గట్టిగా మోగినా, యాంకర్ స, ష నొక్కి పలికినా హద్దు దాటే ప్రమాదం. అందుకే అక్కడ కూడా ఒక లిమిటర్ కావాలి. 1975లో వచ్చిన ఆప్టిమాడ్ 8000 ఈ పనులన్నీ ఒకే పెట్టెలో చేసి పేరు పొందింది. అదే పెట్టెతో మెల్లటి శబ్దాన్ని పైకి లాగి, అంతా ఒకే గట్టిదనంతో వాయించడం కూడా సులువైంది. పోటీలో ఉన్న స్టేషన్లు అదే ఎక్కువ చేశాయి. గంట వింటే చెవులు అలిసిపోయేది అందుకే. గ్లాసులో నీళ్ళ చప్పుడు కోసం ఆయన సంపాదించిన చోటును ఇలా నింపేశారని మాకు కొంచెం కోపం. మా క్లాసులో కొందరు ఒప్పుకోలేదు, బస్సులో వినేవాడికి గట్టిగానే ఉండాలన్నారు.

ఆల్పైన్ టవర్ ఇప్పటికీ ఉంది. 2001 సెప్టెంబర్ 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం కూలిపోయి దాని మీది యాంటెనాలు పోయినప్పుడు, న్యూయార్క్ టీవీ స్టేషన్లు కొన్ని తాత్కాలికంగా ఆ టవర్ మీదికే వెళ్ళి ప్రసారాలు సాగించాయి.