చూపులేని చదువరి
(శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి జీవితము)

తునిలో జరుగుచున్న మన వార్షిక మహాసభ సంచికకు మహాపురుషు లొకరి జీవితమును వ్రాసి పంపవలసినదని సంఘ కార్యదర్శిగారు మమ్ము గోరిరి. ఎవరి జీవితమని మే మడుగగా, ఉద్గ్రంథ పఠనముచే మనుష్యు డెట్లు వృద్ధి నొందునో చూపునట్టిది యేదైనను సరియే యనిరి. మాకు వెంటనే స్ఫురించిన పేరు చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారిది. కార్యదర్శిగారు కొంచెము సందేహించి, ఆయన మన కులమువారేనా యని యడిగిరి. వారి గ్రంథములు చదువునపు డిట్టి ప్రశ్న మా కెన్నడును తోచలేదని బదులు చెప్పితిమి. వారు నవ్వి యూరకుండిరి. ఆ నవ్వునే యనుమతిగా గైకొని యీ వ్యాసము వ్రాయుచున్నారము.

పంతులుగారు 1867వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన గోదావరీ మండలమునందలి ఖండవల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి వెంకన్నగారు, తల్లి వెంకటరత్నమ్మగారు. ధవళేశ్వరము నొద్ద ఆనకట్ట పూర్తియై యప్పటికి పదునైదేండ్లు మాత్రమే యైనది. కాలువలు పారి, పొలములు పండి, పల్లెలలో నింగ్లీషు చదువుపై మోజు పుట్టుచున్న కాలమది. వీరి బాల్యము వీరవాసరమున గడచెను. ఆ దినములలో నచ్చుపుస్తకము లరుదు. పల్లెలందు గ్రంథమనగా నొకరు చదువ పదిమంది వినునదియే. చావడిలోనో కోవెల మంటపములోనో దీపము పెట్టి పౌరాణికుడు భారతభాగవతములు చదివి యర్థము చెప్పుచుండ, అక్షరము రానివారు సైతము పద్యములను కంఠస్థము చేయుచుండిరి. పంతులుగారి జీవితమున నీ వినికిడి చదువునకు గల స్థానమును మరువగూడదు.

వారికి చిన్ననాటనే రేచీకటి పట్టెను. సూర్యాస్తమయమైనది మొదలు కన్నులు పనిచేయవు. దీపము దగ్గర కూర్చుండి పాఠము వల్లించు భాగ్యము లేదు. అప్పటి విద్యార్థులకు రాత్రివేళయే ముఖ్యమైన చదువుకాలము. పరీక్షకు వలయు పుస్తకములను సహాధ్యాయులు రాత్రులందు బిగ్గరగా చదువుచుండగా వీరు పక్కన కూర్చుండి విని, విన్నదానిని మనస్సున నిలుపుకొనిరి. ఆ విధముగనే రాజమహేంద్రవరమున చదువు సాగించి, తరువాత నచటనే యుపాధ్యాయులైరి. ఒకమారు వినినంతనే పట్టుకొనుట యలవాటైనది గావున, కన్నులున్న తోటివారికంటె వీరి ధారణయే మిన్నగా నుండెడిది.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పక తప్పదు. మేము ముప్పదియేండ్లకు పైగా బడిలో సంస్కృతాంధ్రములు బోధించితిమి. ఉద్యోగపు తొలినాళ్లలో మా తరగతి వెనుకబల్లపై నొక పిల్లవాడు కూర్చుండెడివాడు. నల్లబల్లపై మేము వ్రాసిన శ్లోకము నెత్తి వ్రాయుమనిన తప్పులతడకగా వ్రాసెడివాడు. మందబుద్ధి యని తలచి యనేక పర్యాయములు నిలువబెట్టితిమి. చదువు మానిపించి వాని తండ్రి యేదో దుకాణమున జేర్చిన పిదప, ఆ బాలునికి దూరపుచూపు లేదని మాకు తెలిసినది. నోటితో చెప్పిన పాఠములలో వా డెన్నడును తప్పలేదన్న మాట యప్పుడు గాని మాకు జ్ఞాపకము రాలేదు. పంతులుగారి విద్యార్థిదశను గూర్చి చదువునపుడెల్ల నా వెనుకబల్ల మా కన్నులయెదుట నిలుచును. రాజమహేంద్రవరమున స్నేహితులు చేసిన పనిని మా బడిలో గురువులమై యుండియు మేము చేయజాలకపోతిమి.

పంతులుగారి తొలి కీర్తి నాటకములవలన వచ్చినది. రాజమహేంద్రవరమున ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారు నాటకసమాజము నడుపుచుండగా, వారి కోరికమీద 1889వ సంవత్సరమున కీచకవధ వ్రాసిరి. తరువాత వచ్చిన గయోపాఖ్యానము ఆంధ్రదేశమంతటను ప్రదర్శింపబడి, లక్షకుపైగా ప్రతు లమ్ముడుపోయినది. కృష్ణార్జునులకు పోరు తెచ్చిపెట్టిన గయుని కథ నెరుగని తెలుగువాడు లేడనుటకు గారణ మీ నాటకమే. పిమ్మట ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రులైన టంగుటూరి ప్రకాశము పంతులుగారు తమ విద్యార్థిదశయందు నాయుడుగారి సమాజమున వేషములు వేసినవారే. నాటకమన్నది చెవికి చేయు రచన. చూపు మందగించిన కవికి సంభాషణయే కన్నయినదేమో యని మా యూహ.

1893 ప్రాంతమున న్యాపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి పత్రిక ద్వారమున నవలలకు బహుమానము లేర్పరచిరి. అంతకు పదునైదేండ్ల క్రిందట, 1878లో, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖరచరిత్రమును ప్రకటించి మార్గము చూపియుండిరి. చిలకమర్తివారి రామచంద్రవిజయము 1894లో బహుమానము పొందినది. వెనువెంట 1896లో హేమలత, 1897లో అహల్యాబాయి వెలువడెను. కర్నల్ టాడ్ అను నాంగ్లేయుడు 1829, 1832 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించిన రాజస్థాన చరిత్రము వీరి కభిమాన గ్రంథము. దానినుండియే హేమలతకు వస్తువు లభించెను. దానినుండియే రాజస్థాన కథావళిని గూర్చిరి. చరిత్రదృష్టితో జూచిన హేమలతలో కల్పన హెచ్చని మేమును అంగీకరింతుము. టాడు చెప్పినవన్నియు సత్యములు కావని తరువాతి చరిత్రకారులు నిరూపించిరి. అయినను, చిత్తూరు కోట కథలు గోదావరి తీరపు పల్లెలలో నింటింట చెప్పుకొనబడినవనిన నది యీ గ్రంథముల చలువయే. వీరిని ఆంధ్ర స్కాటని జనులు పిలుచుటకును గారణ మిదియే.

ముప్పదియేండ్ల ప్రాయమునకు పగటి చూపును పోయినది. ఆ మీద దాదాపు ఏబది సంవత్సరములు వారు జీవించిరి. పాఠకులారా, యీ మాటయొద్ద నొకింత యాగవలయును. మనము వారి పేరుతో చదువు పుస్తకములలో పెక్కు తమ కంటితో నొక్క పుటయైన చూడని కాలమున వ్రాయింపబడినవి. శిష్యులును మిత్రులును చదువుచుండ వినుట, విన్నదానిని లోన త్రిప్పుకొనుట, తోచినదానిని లేఖకునకు చెప్పి వ్రాయించుట: ఇదియే వారి దినచర్య. లూయీ బ్రెయిలీ యను ఫ్రెంచివాడు 1824 నాటికే వ్రేళ్లతో తడవి చదువు చుక్కలలిపిని గల్పించియుండెను గాని, మన భారతీయ భాషల కన్నిటికి నుమ్మడిగా నట్టిలిపి స్థిరపడినది 1951లో. అప్పటికి పంతులుగారు గతించి యైదేండ్లు. గావున వారికి పరుల కంఠము దప్ప వేరు ఆధారము లేకుండెను.

ఇంగ్లండున మిల్టను మహాకవి 1652లో సంపూర్ణాంధుడై, తన మహాకావ్యమును పరులచే వ్రాయించి 1667లో ప్రకటించెను. వీరిని ఆంధ్ర మిల్టనని యనుటయు గలదు. ఆ కవి కుమార్తెలు తమ కర్థముగాని భాషలలోని గ్రంథములను తండ్రికి చదివి వినిపించెడివారట. ఆ చదువు వారికి శిక్షయే గాని విద్య గాదు. మన పంతులుగారి యొద్ద చదివినవారి సంగతి వేరు. తెలుగును, సంస్కృతమును, ఇంగ్లీషును చదివి వినిపించిన యువకులు తామును నేర్చుకొనియే లేచియుందురు. ధృతరాష్ట్రునకు సంజయుడు చెప్పిన యుద్ధవృత్తాంతమువంటిది గాదిది. ధృతరాష్ట్రుడు వినినంత వినియు మారలేదు.

మనవారు విద్యకు శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు మెట్లు చెప్పిరి. పుస్తకము కంటియెదుట నున్నవానికి మొదటి మెట్టునందే కాలుజారును. విసుగు పుట్టిన పుట త్రిప్పివేయును. మరచినను మరల చూచుకొనవచ్చునని ధీమా వహించును. వినువానికి నీ రెండును గలవు గాని, రెంటికిని మూల్యము గలదు. పుట త్రిప్పుమన్నను, వెనుకకు పొమ్మన్నను చదువువానికి శ్రమ కలిగించినట్లే. అందుచే మొదటిసారియే మనస్సు పెట్టి వినును. పంతులుగారి వచనము చదువునపుడు వాక్యము లెంత పొడవైనను నాలుకకు దడబాటు కలుగదు. పెదవులనుండి వెడలి చెవులలో పరీక్షకు నిలిచిన వాక్యములవి.

1907 ఏప్రిలులో వంగదేశమునుండి బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి స్వదేశోద్యమమును గూర్చి యుపన్యసించిరి. ఇంగ్లీషు ప్రసంగమును తెనుగున జెప్పిన వారు పంతులుగారే. ఆ సభయందు వా రాశువుగా చెప్పిన పద్య మొకటి యూరూర మారుమ్రోగినది. దానిని మన సభ్యులలో పెద్ద లందరు నెరుగుదురు గనుక నిచ్చట వ్రాయుట లేదు. చూపులేని కారణమున వారికి కాగితము చూచి ప్రసంగించు నలవాటు లేదు. చిరకాలము వినియు తలపోసియు గూర్చుకొన్న ధనము ఆ సాయంకాల మక్కరకు వచ్చినదని మే మనుకొందుము.

మనోరమ యను మాసపత్రికను, దేశమాత యను వారపత్రికను వారు నడిపిరి. 1909లో రాజమహేంద్రవరమున అస్పృశ్యులని దూరముగా నుంచబడిన బాలురకొరకు రామమోహనరాయల పేర నొక పాఠశాల స్థాపించిరి. తనకు చదువు చెప్పించుకొనుటకే పరుల సాయ మపేక్షించు నంధుడు, చదువు దొరకనివారికి బడి పెట్టుట చిత్రముగా దోపవచ్చును. మాకు మాత్రము చిత్రముగా తోపదు. గ్రంథము మరియొకరి దయచే దొరకవలసిన వస్తువని యాయనకు తెలిసినంత స్పష్టముగా మనలో నెవరికి తెలియును? అయిన నా కాలమున నట్టి పనికి బంధువులనుండియు పురజనులనుండియు మాట పడవలసి యుండెడిది. కుల మహాసభ సంచికలో నీ సంగతి వ్రాయుచున్నామని యెరిగియే వ్రాయుచున్నారము.

తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912లో భాసుని నాటకములను వెలికి దెచ్చి ప్రకటించినపుడు సంస్కృత పండితలోక మాశ్చర్యమున మునిగినది. పంతులుగారు వానిని చదివించి విని తెనుగించిరి. నడివయసు దాటిన పిదప క్రొత్తగా దొరకిన ప్రాచీన కవి నీ విధముగా నాదరించిన పండితులు మన జిల్లాలలో నెందరుండిరి? మాకు తెలిసిన పెద్దలలో పలువురు, తాము చిన్ననాట చదివిన అయిదు కావ్యములతోనే కాలము వెళ్లబుచ్చిరి. మేమును చాలకాల మట్లే యుంటిమి.

ఇక గణపతి యను నవల. ఇది హాస్యరచన. చదువబుద్ధి లేక, పనిచేయబుద్ధి లేక, చివరకు బడిపంతులై కూర్చున్న యొక మూఢుని కథ. వీరి గ్రంథము లన్నిటిలో మాకిదియే మిక్కిలి ప్రియము. చారిత్రక నవలలకంటె నూరేండ్లు హెచ్చుగా నిలుచునని మా నమ్మకము. తరువాతి కాలమున ఆకాశవాణిలో నాటకముగా వచ్చి, చదువనివారిని సైతము నవ్వించినది. బడిపంతులవృత్తివారము గావున దానిని మొదట చదివినపుడు నవ్వును, లోలోపల కొంత నొప్పియు గలిగిన మాట దాచనేల?

1943లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుద మొసగి గౌరవించినది. జీవితపు చివరి సంవత్సరములలో స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. డెబ్బదియేండ్లు దాటిన యంధుడు తన బాల్యమునందలి యూళ్లను, మనుష్యులను, నాటకశాలలను జ్ఞాపకమునుండియే యంత విపులముగా జెప్పుట చూచిన, ఆ మనస్సులో నెంత పెద్ద గ్రంథాలయ మమరియుండెనో తెలియును. 1946వ సంవత్సరము జూను 17వ తేదీన పరమపదించిరి. స్వాతంత్ర్యము వచ్చుట కింకను పదునాలుగు మాసములున్నవి.

సంఘపోషకులకు మా విన్నప మొకటి గలదు. ఏటేట సత్రములకును కల్యాణమంటపములకును మనవారు ధారాళముగా విరాళము లిచ్చుచున్నారు, సంతోషమే. తునిలో మన సంఘభవనమున నొక గది సాయంకాలములందు ఖాళీగా నుండును. అచ్చట దినమున కొక గంట, అక్షరము చక్కగా పలుకు బాలు డొకడు మంచి గ్రంథము పైకి చదువగా, చూపుతగ్గిన వృద్ధులును, చదువురాని స్త్రీపురుషులును కూర్చుండి వినుట కేర్పాటు చేయుడు. బాలునకు నెలకు కొంత వేతన మిచ్చిన వాని చదువునకును సాయమగును. దీనికి ద్వారమున కుల మడుగ నక్కరలేదు. పుస్తకములను కొనుటకు మా పింఛనునుండి మొదటి చందా మేమే యిచ్చెదము.

గత సంవత్సరము మా రెండు కన్నులకును పువ్వు తీయించుకొంటిమి. కొన్ని వారములు చదువకూడదని వైద్యులు నిర్బంధించిరి. అప్పటినుండి మా మనుమరాలు రాత్రి భోజనమైన పిదప గణపతిని బిగ్గరగా చదివి వినిపించుచున్నది. ఇప్పుడు చూపు వచ్చినను ఆ యలవాటు మానలేదు. మొన్న గణపతి బడి పెట్టిన ఘట్టమునకు వచ్చినది. మధ్యలో నాపి, మా వంక జూచి, పైట నోట నడ్డము పెట్టుకొని నవ్వసాగినది. మేమును నవ్వి, చదువు మంటిమి.