బొమ్మలతో చదువు నేర్పిన కొమేనియస్

పసిబిడ్డల చేతికి బొమ్మల వాచకము నిచ్చుట నేడు మనకు సహజముగా తోచును. ఆ మార్గమునకు బాటవేసినవారిలో అగ్రగణ్యుడు జాన్ ఆమోస్ కొమేనియస్. ఈయన 1592 మార్చి 28వ తేదీన, నేటి చెక్ దేశములోని మొరావియా ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, 16వ యేట గాని లాటిన్ పాఠశాలలో చేరలేకపోయెను. ఆనాటి చదువనగా అర్థమెఱుగని వ్యాకరణసూత్రములను వల్లెవేయుట, బెత్తపుదెబ్బలు తినుట. ఈడు మీఱి చేరుటయే మేలాయెనేమో. ఆ బోధనలోని దోష మాయనకు స్పష్టముగా కనబడెను.

పిదప మతాచార్యుడై, ఉపాధ్యాయుడై యుండగా 1618లో ముప్పదియేండ్ల యుద్ధ మారంభమయ్యెను. 1622లో మహామారి భార్యను, ఇద్దఱు బిడ్డలను కబళించెను. మతవైరముచే 1628లో స్వదేశము వీడి పోలండులోని లెష్నో పట్టణము చేరెను. మరల మాతృభూమిని చూడనేలేదు. 1631లో వెలువరించిన లాటిన్ వాచకముతో ఆయన పేరు యూరోపంతట మ్రోగెను.

1650లో హంగెరీలోని ఒక పాఠశాలకు వెళ్లి, అచ్చట చిత్రవాచకమును రచించెను. తగిన చిత్రకారులు దొరకమి అది వెంటనే అచ్చు కాలేదు. లెష్నోకు తిరిగివచ్చిన కొలదికాలమునకే, 1656లో ఆ పట్టణము యుద్ధాగ్నిలో దగ్ధమయ్యెను. ఇల్లు, పుస్తకములు, 40 ఏండ్లకు పైగా కూర్చిన చెక్ నిఘంటువు వ్రాతప్రతి, అన్నియు బూడిదయ్యెను. గ్రంథములను ప్రాణముగా నెంచువారికి ఆ దుఃఖము వేఱుగా చెప్పనక్కఱలేదు.

చిత్రవాచకము మాత్రము 1658లో జర్మనీలోని న్యూరెంబర్గున వెలువడెను. అందు పాఠములు 150. ప్రతిపాఠమునకు చెక్కపై చెక్కి అచ్చొత్తిన బొమ్మ యొకటి. వడ్రంగి బొమ్మలోని పనిముట్లకు అంకెలు వేసి, క్రింది వాక్యములలో ఆ మాటల ప్రక్కను అవే అంకెలు వేసిరి. ఒకవైపు లాటిన్, మఱియొకవైపు మాతృభాషయగు జర్మన్. అక్షరములు సహితము జంతువుల కూతలతోనే నేర్పబడెను; మొదటి అక్షరమునకు కాకి అఱపు! కంటికి కానరాని ఆత్మను గూడ చుక్కలతో మనిషి యాకారముగా చూపించిరి. ఇది కొంత సాహసమే. అయినను ఆయన బొమ్మతోనే తృప్తి చెందలేదు. రంగులు, రుచులవంటి అచ్చులో చూపరానివానిని పాఠశాలలో ప్రత్యక్షముగా చూపవలెననియు, పిల్లలను ఆ బొమ్మలు చూచి గీయనీయవలెననియు బోధించెను. మఱుసటియేడే లండనులో ఆంగ్లప్రతి వచ్చెను. తదుపరి శతాబ్దమున బాలుడైన గేటే మహాకవియు ఈ పుస్తకమును చూచి పెరిగినవాడే.

కడపటి దినములను ఆమ్‌స్టర్‌డామ్‌లో గడపి, కొమేనియస్ 1670 నవంబరు 15వ తేదీన కన్నుమూసెను. ఆయన సమాధి హాలెండులోని నార్డెన్ పట్టణమున గలదు.