గొడ్డలి వేటుకు కుంచెతో బదులిచ్చిన థామస్ కోల్

రైలు మార్గం కోసం ఒక లోయలోని చెట్లను నరికేస్తే, పోయిన ఆ చెట్లను తిరిగి కాన్వాసుపై నిలబెట్టిన చిత్రకారుడు థామస్ కోల్. అమెరికాలో ప్రకృతి దృశ్య చిత్రకళకు ఆద్యుడిగా పేరొందిన ఆయన వర్ధంతి ఫిబ్రవరి 11.

కోల్ 1801 ఫిబ్రవరి 1న ఇంగ్లండులోని బోల్టన్‌లో జన్మించారు. నూలు మిల్లుల పొగ కమ్మిన ప్రాంతమది. చిన్న వయసులోనే బట్టల అద్దకానికి నమూనాలు చెక్కే పనిలో కుదిరారు. 1818లో ఆయన కుటుంబం అమెరికాకు వలస వెళ్లింది. అక్కడ ఊరూరా తిరిగి మనుషుల రూపచిత్రాలు వేసి బతకాలని చూసినా కలిసిరాలేదు.

1825లో హడ్సన్ నది వెంబడి కాట్‌స్కిల్ కొండలకు చేసిన యాత్ర ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. తిరిగివచ్చి వేసిన చిత్రాలు న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టగా, పేరుమోసిన చిత్రకారుడు జాన్ ట్రంబుల్ కంట పడ్డాయి. ఆయన ఒకటి కొని, మిత్రులు ఆషర్ డ్యూరాండ్, విలియం డన్లప్‌లచేత చెరొకటి కొనిపించారు. ఇరవై నాలుగేళ్ల యువకుడి పేరు నగరంలో మారుమోగింది.

అనంతరం ఐరోపాలో మూడేళ్లు గడిపి వచ్చిన కోల్, కాట్‌స్కిల్‌నే తన ఊరు చేసుకున్నారు. 1836లో ఆ లోయలో రైలు మార్గానికి చెట్ల నరికివేత మొదలైంది. తాను నిత్యం నడిచే దారిలోని వృక్షాలు నేలకూలడం చూసి, పోషకుడు ల్యూమన్ రీడ్‌కు రాసిన లేఖలో ఆవేదన వెళ్లగక్కారు. అదే ఏడు అమెరికా ప్రకృతి శోభపై ప్రచురించిన వ్యాసంలోనూ గొడ్డలి చేస్తున్న విధ్వంసాన్ని తప్పుపట్టారు. రీడ్ కోసం వేసిన ‘సామ్రాజ్య గమనం’ అయిదు చిత్రాల వరుస పూర్తయిందీ ఆ ఏడాదే. ఒకే ప్రాంతం అడవి దశ నుంచి మహానగరమై, చివరకు శిథిలాలుగా మిగలడం అందులోని కథ. చిత్రాలు పూర్తయ్యేలోగానే రీడ్ కన్నుమూశారు.

కోల్ అసలు బాధ తెలియాలంటే మరో రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1837లో పూర్తయిన కాట్‌స్కిల్ దృశ్యంలో పచ్చని చెట్ల నీడన వాగు ప్రశాంతంగా సాగుతుంది. నరికివేతకు ముందరి లోయ అది. 1843లో ఆయన అదే తావును మళ్లీ వేశారు. ఈసారి ముందు భాగంలో మొద్దులు, గొడ్డలి పట్టి నిలబడ్డ మనిషి, దూరాన వంతెన మీద పొగ చిమ్ముతూ రైలు. రైలు మాత్రం ఎంతో చిన్నది, వెతికితే గాని కనబడదు. కోపాన్ని కేకలు వేయకుండా చెప్పిన తీరు అది. అయితే ఆయన చిత్రాలు కొన్నవారిలో ఆ అభివృద్ధితోనే సంపన్నులైన వ్యాపారులు ఎక్కువ. ఈ వైరుధ్యం ఆయనను జీవితాంతం వెన్నాడింది.

1848లో ఊపిరితిత్తుల పొర వాపుతో కోల్ మరణించారు. అప్పటికి వయసు 47 ఏళ్లే. ఆయన శిష్యుడు ఫ్రెడరిక్ చర్చ్, మిత్రుడు డ్యూరాండ్ ఆ బాటలో నడవగా, అది ‘హడ్సన్ నది సంప్రదాయం’గా స్థిరపడింది. కాట్‌స్కిల్‌లో ఆయన నివసించిన ‘సెడార్ గ్రోవ్’ ఇంటిని 2001లో సందర్శకుల కోసం తెరిచారు. దాని వరండాలో నిలబడితే ఆయన గీసిన కొండల వరుస కనిపిస్తుంది.