నోటుమీది ముఖము : షేక్ అబ్దుల్లా అల్ సాలిం జీవితము

గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన ప్రదర్శనమునకు పదవ తరగతి బాలుడొకడు తన తాతగారి పెట్టెలోనుండి కొన్ని పాత నోట్లను తెచ్చెను. ఆ తాతగారు కడప జిల్లానుండి కువైటునకు పోయి, అచట కొన్ని సంవత్సరములు కష్టపడి, తిరిగి వచ్చినవారు. ఆ నోట్లలో ఊదారంగు అర దీనారు ఒకటి యుండెను. దాని కుడివైపున తలగుడ్డ ధరించిన యొక పెద్దమనిషి చిత్రమును, వెనుకప్రక్క విశాలమైన యొక పాఠశాల చిత్రమును గలవు. చూడవచ్చిన బాలురందఱును దాని వెల యెంతయని యడిగిరి. ఒక బాలిక మాత్రము ఆ ముఖ మెవరిదని యడిగెను. వెలను పాత నోట్ల వర్తకులు చెప్పగలరు. రెండవ ప్రశ్నకు నే నానాడు సరియైన జవాబు చెప్పలేకపోతిని గావున, తరువాత చదివి తెలిసికొన్నదానిని ఇచట వ్రాయుచున్నాను.

ఆ ముఖము షేక్ అబ్దుల్లా అల్ సాలిం అల్ సబాహ్ గారిది. ఈయన 1895వ సంవత్సరమున జన్మించెను. అప్పటి కువైటు మట్టి యిండ్లతో నిండిన చిన్న రేవుపట్టణము. జనులు వేసవిలో ముత్యపుచిప్పలకై సముద్రములో మునుగుచు, తక్కిన కాలమున పడవలలో బస్రా ఖర్జూరములను బొంబాయికిని మలబారునకును కొనిపోయి, కలపను బియ్యమును తెచ్చుకొనుచు జీవించుచుండిరి. కాలక్రమమున త్రాగునీరు సైతము షత్ అల్ అరబ్ నదినుండి పడవలపై రావలసివచ్చెను. ఈయన పితామహుడైన ముబారక్ 1899లో బ్రిటిషువారితో ఒడంబడిక చేసికొని దేశమును వారి రక్షణలో నుంచెను. తండ్రియైన సాలిం 1917 మొదలు 1921 వఱకు పాలించెను.

తండ్రి మరణించునాటికి అబ్దుల్లాకు ఇరువదియాఱేండ్లు. అయినను సింహాసన మాయనకు దక్కలేదు. పెదతండ్రియైన జాబర్ కుమారుడు అహ్మద్ పాలకుడయ్యెను. అబ్దుల్లా ఇరువదితొమ్మిది సంవత్సరములు వేచియుండవలసి వచ్చెను. ఇంతకాలము ద్వితీయస్థానమున నుండినవారిలో అసూయచే చెడిపోయినవా రనేకులు. ఈయన కాలము వ్యర్థపుచ్చలేదనుటకు 1938లో జరిగిన యొక విషయము సాక్ష్యము.

అప్పటికి జపానువారు పెంచిన ముత్యములు వచ్చి సహజముత్యముల వ్యాపారమును కూల్చివేసియుండెను. అప్పులపాలైన వర్తకులు పాలకుని ఆదాయవ్యయములపై తమకును అధికారము కావలెనని కోరి, పదునలుగురు సభ్యులు గల శాసనసభ నెన్నుకొనిరి. దాని కధ్యక్షుడు అబ్దుల్లాయే. రాజకుటుంబమువాడు రాజాధికారమునకు హద్దులు గీయు సభకు పెద్దగా నుండుట ఆ తీరమున వింతయైన సంగతి. ఆ సభ ఆఱు నెలలైనను నిలువలేదు. డిసెంబరులో పాలకుడు దానిని రద్దుచేసెను. అదే సంవత్సరమున బుర్గాను ఇసుకలో నూనె బయలుపడెను. యుద్ధమువలన ఆలస్యమై, 1946 జూనులో మొదటి నూనె ఓడ బయలుదేరెను.

1950 జనవరిలో అహ్మద్ మరణించెను. ఫిబ్రవరి 25వ తేదీన అబ్దుల్లా తన యేబదియైదవ యేట పాలకుడయ్యెను. మరుసటి యేడు నూనె కంపెనీతో ఒప్పందమును మార్చి, లాభములో సగము దేశమునకు వచ్చునట్లు చేసెను. ఆ ధనముతో ఆసుపత్రులు, పాఠశాలలు వెలసినవి. 1953లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చు యంత్రశాల పనిచేయ నారంభించెను. నీటి పడవల కాలము తీరిపోయెను. అదే యేడు షువైఖ్ అను చోట ఒక ఉన్నత పాఠశాల తెఱువబడెను. మన బాలుని నోటు వెనుక నున్న చిత్రము దానిదే.

ఇక నోట్ల కథకు వత్తము. కువైటున తరతరములుగా చెల్లుచుండినది మన రూపాయయే. బొంబాయితో వ్యాపారము, బ్రిటిషువారితో సంబంధము ఇందులకు కారణములు. స్వాతంత్ర్యానంతరము దీనినుండి చిక్కు పుట్టెను. దొంగ వర్తకులు సింధుశాఖలో బంగారము కొని, రహస్యముగా భారతదేశమునకు చేర్చి, రూపాయలను తెచ్చుకొనుచుండిరి. ఆ రూపాయలు బ్యాంకులద్వారా తిరిగి వచ్చినప్పుడు మన ప్రభుత్వము వానికి బదులుగా స్టెర్లింగు పౌనుల నీయవలసి వచ్చెను. ఈ నష్టము నాపుటకై 1959లో ఆ దేశములకొఱకే ప్రత్యేకమైన నోట్లు ముద్రింపబడెను. రూపము మన నోట్లదే, రంగులు వేఱు. వరుస సంఖ్యకు ముందు జడ్ అను అక్షరముండును. ఎఱ్ఱని పది రూపాయల నోటు వెనుక తెరచాప పడవయు, దానితోపాటు మన భాషలలో విలువయు ముద్రింపబడియున్నవి. అనగా తెలుగు అక్షరములు మన కూలివారికంటె ముందే కువైటు అంగడులలో చేతులు మాఱినవి! తరువాత ఈ నోట్లు చాలవఱకు భారతదేశమునకు తిరిగి చేర్చబడినవి గనుక, నేడు సేకరించువారికి మడత పడనిది దొరకుట మిక్కిలి యరుదు.

పరదేశపు నోటుపై నాధారపడిన దేశము తన ధనమునకు తాను యజమాని గాదని అబ్దుల్లా గ్రహించెను. 1960లో నాణెముల చట్టము చేసి, 1961 ఏప్రిల్ 1వ తేదీన దీనారును ప్రవేశపెట్టెను. 40 రూపాయలకు 3 దీనారు లీయబడినవి. ఒక దీనారు ఒక స్టెర్లింగు పౌనుతో సమానము. దాని విలువ 2.48828 గ్రాముల మేలిమి బంగారముగా నిర్ణయింపబడెను. సింధుశాఖలోని చిన్న రాజ్యములలో రూపాయను మొదట విడిచినది కువైటే. నోట్లు అయిదు విధములు. పాతిక దీనారుపై రేవు, అరపై పాఠశాల, ఒకటిపై సిమెంటు కర్మాగారము, అయిదుపై పట్టణపు వీథి, పదిపై పాత పడవ. అన్నిటిమీదను అబ్దుల్లా ముఖము. పాఠశాలను నోటుపై వేసిన దేశములు లోకమున ఎన్ని యుండునో! ఉపాధ్యాయుడనగుటచే నా కిది కొంచె మెక్కువగా నచ్చుచున్నదేమో.

ఆ నోట్లు వెలువడి ఎనుబది దినములు గడువకముందే, జూన్ 19వ తేదీన, 1899 నాటి ఒడంబడిక రద్దయి కువైటు స్వతంత్రమయ్యెను. ఆఱు దినములకే ఇరాకు ప్రధాని కాసిం కువైటు తన దేశములో భాగమని ప్రకటించెను. అప్పుడే వీడ్కొలిపిన బ్రిటిషు సైన్యమునే అబ్దుల్లా మరల పిలువవలసి వచ్చెను. ఇది ఆయనకు తలవంపుగా తోచియుండదా? అయినను దేశము నిలిచెను. కొన్ని నెలలలో అరబ్బు దేశముల దళములు వారి స్థానమునకు వచ్చినవి.

ఇట్టి భయమును నెపముగా గొని సర్వాధికారము తన చేత నుంచుకొను పాలకు లుండవచ్చును. అబ్దుల్లా అందుకు విరుద్ధముగా ఆ సంవత్సరాంతముననే రాజ్యాంగ రచనకు సభ నెన్నుకొనజేసెను. వారు వ్రాసి తెచ్చినదానిని ఏ మార్పును చేయక 1962 నవంబరు 11వ తేదీన ఆమోదించెను. 1938లో తాను అధ్యక్షుడైన సభను మరియొకడు రద్దుచేయుట చూచినవాడు, ఇప్పుడు తనచేత రద్దు కాగల సభను తానే నెలకొల్పెను. 1963 జనవరిలో ఏబదిమంది సభ్యులు ఎన్నికైరి. లోపములు లేకపోలేదు. స్త్రీలకు ఓటు లేకుండెను. అది వారికి 2005లోగాని లభింపలేదు. 1964 చివర మంత్రివర్గమును గూర్చి సభ గట్టిగా ఎదురు తిరుగగా, మంత్రులే మాఱిరి గాని సభ రద్దు కాలేదు. అది తన గడువును 1967 వఱకు పూర్తి చేసెను.

దానిని చూచుట కాయన లేడు. 1965 అక్టోబరులో శాసనసభ సమావేశమును ప్రారంభించు సమయముననే జబ్బుపడి, నవంబరు 24వ తేదీన మరణించెను. సోదరుడు సబాహ్ పాలకుడయ్యెను. అయినను అబ్దుల్లా ముఖము గల నోట్లే ఇంకను అయిదేండ్లు అచ్చపు నోట్లుగా నుండెను; సోదరుని చిత్రముతో క్రొత్తవి 1970 నవంబరులో వచ్చెను. పాతవాని చెల్లుబడి 1982లో నిలిచిపోయెను. తాతగారు ఆ అర దీనారును మార్చుకొనక యేల యుంచుకొనిరో మనుమనికి తెలియదు.

ప్రదర్శనము ముగిసిన పిమ్మట ఆ కుటుంబమువారు దానిని పాఠశాలకే యిచ్చిరి. గ్రంథాలయపు అద్దాల బీరువాలో పాఠశాల చిత్రము పైకి కనబడునట్లు నే నుంచితిని. ప్రశ్న యడిగిన బాలిక రెండు మారులు వచ్చి, దానిని త్రిప్పి పెట్టుమని కోరినది. ఇప్పుడు నోటు క్రింద చిన్న అద్దము నమర్చితిమి.