ఊరు కట్టబోయిన మనిషి

కామర్సు, ఎకనామిక్సు చదివిన వాళ్లకి రాబర్ట్ ఓవెన్ పేరు కొత్త కాదు. సహకారోద్యమ పితామహుడని పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. అంతటితో ఆయనతో మన పని అయిపోతుంది. ఆ రెండు మార్కుల పాఠం నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏదో వెలితిగానే ఉండేది. ఎందుకంటే ఓవెన్ తన ఆస్తినీ ఆయుష్షునీ ధారపోసింది సహకార దుకాణాల కోసం కాదు. మనుషులు ఉమ్మడిగా పనిచేసుకుని, ఉమ్మడిగా తిని, పిల్లల్ని ఉమ్మడిగా చదివించుకునే ఊళ్లు కట్టాలని ఆయన తపన. ఆ ఊళ్లు ఒక్కటీ నిలవలేదు. ఆయన అంతగా పట్టించుకోని దుకాణం మాత్రం నిలిచి, దేశదేశాలకూ పాకింది. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుంటే నలుగురు కూడి ఏ పని తలపెట్టినా అక్కరకొస్తుందని నా నమ్మకం. అందుకే ఈ సంచికకు ఆయన కథ ఎంచుకున్నాను.

ఓవెన్ 1771 మే 14న వేల్స్ దేశంలో న్యూటౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసేవాడు, ఇనప సామాను అమ్మేవాడు, ఊరి పోస్టు వ్యవహారం కూడా చూసేవాడు. ఏడుగురు పిల్లల్లో ఓవెన్ ఆరోవాడు. బడి చదువు అట్టే సాగలేదు. పదేళ్లకే ఇల్లు వదిలి, స్టాంఫర్డ్‌లో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాడు. పని అయ్యాక యజమాని దగ్గరున్న పుస్తకాలు చదువుకునేవాడు. ఆ తర్వాత లండన్, అక్కణ్ణించి మాంచెస్టర్. నూలు వడికే యంత్రాలు అప్పుడప్పుడే ఇంగ్లండు ముఖం మార్చేస్తున్న కాలమది. అన్న దగ్గర 100 పౌండ్లు అప్పు తెచ్చి, ఒక మెకానిక్కుతో కలిసి యంత్రాలు తయారుచేసే వ్యాపారం పెట్టాడు. ఇరవై, ఇరవై ఒకటో ఏటికల్లా 500 మంది పనిచేసే మిల్లుకి మేనేజరయ్యాడు. మన లెక్కన డిగ్రీ పరీక్షలు రాసే వయసు!

మాంచెస్టర్ ఆయనకి డబ్బు సంపాదించడంతోపాటు ఇంకో సంగతి కూడా నేర్పింది. యజమానులు యంత్రాన్ని తుడిచి, నూనె వేసి, కంటికి రెప్పలా చూసుకునేవారు. దాని పక్కన నిలబడ్డ మనిషి సంగతి ఎవరికీ పట్టేది కాదు. మనిషి గుణం పుట్టుకతో వచ్చేది కాదు, చుట్టూ ఉన్న పరిస్థితులే దాన్ని తయారుచేస్తాయి అన్న సిద్ధాంతం అక్కడే ఆయన మనసులో నాటుకుంది. జీవితాంతం ఆ ఒక్క మాటనే పట్టుకున్నాడు. ఆయన బలం అదే. ఆయన కష్టాలకు మూలం కూడా అదే.

ఆ సిద్ధాంతాన్ని పరీక్షించే అవకాశం స్కాట్లండులో వచ్చింది. క్లైడ్ నది ఒడ్డున న్యూ లానార్క్‌లో డేవిడ్ డేల్ అనే పెద్దమనిషి నూలు మిల్లులు కట్టించాడు. ఓవెన్ తన భాగస్వాములతో కలిసి 1799లో వాటిని 60,000 పౌండ్లకు కొన్నాడు. అదే ఏడు డేల్ గారి కూతురు కరోలిన్‌ని పెళ్లి చేసుకున్నాడు. 1800 జనవరి 1న మిల్లు నిర్వహణ చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికి అక్కడున్నది సుమారు 2,000 మంది జనం. అందులో దాదాపు 500 మంది అనాథాశ్రమాల నుంచి తెచ్చిన పసిపిల్లలు. ఆరేళ్ల వాళ్లు కూడా మిల్లులో పనిచేసేవారు.

ఓవెన్ పదేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మానేశాడు. పని గంటలు క్రమంగా తగ్గించి, 1816కల్లా తిండి వేళలు పోను పదీ ముప్పావు గంటలకు తెచ్చాడు. మిల్లు దుకాణంలో మంచి సరుకు టోకున కొని, అసలుకి కాస్త పైన వేసుకుని అమ్మించాడు. ఒకసారి అమెరికా నుంచి పత్తి రావడం ఆగిపోయి మిల్లు నాలుగు నెలలు మూతపడింది. అన్ని నెలలూ కూలీలకి పూర్తి జీతం ఇచ్చాడు. మొదట ఆయన్ని అనుమానంగా చూసిన జనం ఆ దెబ్బతో ఆయన మనుషులైపోయారు. 1816 జనవరి 1న అక్కడ ఒక విద్యాసంస్థ తెరిచాడు. నడక వచ్చిన పసివాళ్ల దగ్గర్నించి అందరికీ అక్కడ చోటుంది. కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఆటపాటలు, బొమ్మలు, పటాలు. అన్నట్టు, మిల్లు లాభాలు కూడా తగ్గలేదు. అందుకే ఆ వింత చూడ్డానికి యూరపు నలుమూలల నుంచీ జనం వచ్చారు. తర్వాత రష్యా చక్రవర్తి అయిన నికొలస్ కూడా ఆ వచ్చినవాళ్లలో ఉన్నాడు.

ఇక్కడ ఒక విషయం మనం గమనించాలి. న్యూ లానార్క్‌లో అన్నీ ఉన్నాయి గానీ, కూలీలకి నిర్ణయాధికారం లేదు. ప్రతి మనిషి యంత్రం దగ్గరా నాలుగు వైపులా నాలుగు రంగులు వేసిన చిన్న కొయ్యదిమ్మె వేలాడేది. నిన్న బాగా పనిచేస్తే తెలుపు, అధ్వాన్నంగా చేస్తే నలుపు, ఆ మధ్యలో పసుపు, నీలం. తిట్టు లేకుండా, దెబ్బ లేకుండా మనిషిని దారిలో పెట్టే ఉపాయమే. కాదనను. కాకపోతే ఆ దిమ్మె తిప్పేది పైవాడు. దొర మంచివాడు కాబట్టి ఊరు బాగుంది. దొర లేకుండా ఊరు బాగుంటుందా? ఆ ప్రశ్న న్యూ లానార్క్‌లో ఎవరూ వేయనక్కర్లేకపోయింది.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండులో నిరుద్యోగం విపరీతంగా పెరిగింది. దానికి విరుగుడుగా 1817లో ఓవెన్ ఒక పథకం బయటపెట్టాడు. 500 నుంచి 1,500 మంది దాకా ఒక్కో ఊరు. చతురస్రంగా ఇళ్లు, మధ్యలో ఉమ్మడి వంటశాల, బడి. చుట్టూ పొలాలు, దగ్గర్లోనే చిన్న పరిశ్రమలు. మొదట్లో పెద్దలు కొందరు మెచ్చుకున్నారు. కానీ అదే ఏడు లండన్‌లో ఒక బహిరంగసభలో అన్ని మతాలూ మనిషిని తప్పుదారి పట్టించాయని బాహాటంగా చెప్పేశాడు. దాంతో చాలామంది పెద్దలు మొహం చాటేశారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. సొంత డబ్బుతో, కొత్త దేశంలో చేసి చూపిస్తానన్నాడు.

అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో, వాబాష్ నది ఒడ్డున హార్మొనీ అనే ఊరుంది. జార్జి రాప్ అనే జర్మన్ మతగురువు శిష్యులు అడవి కొట్టి పదేళ్లలో దాన్ని కట్టుకున్నారు. బ్రహ్మచర్యం, కఠిన నియమం, గురువు మాటే వేదం. వాళ్లు వేరే చోటికి తరలిపోతూ ఊరిని అమ్మకానికి పెడితే, 1825 జనవరిలో ఓవెన్ కొన్నాడు. సుమారు 20,000 ఎకరాలు. ఇళ్లు, మిల్లులు, తోటలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొత్తగా కట్టాల్సింది లేదు, వచ్చి కాపురం పెట్టడమే. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ హాల్లో రెండుసార్లు ఉపన్యసించి, రమ్మని అందర్నీ పిలిచాడు. ఊరి పేరు న్యూ హార్మొనీ అయింది.

కొద్ది నెలల్లోనే 800 మంది దాకా వచ్చిపడ్డారు. ఎవరు వచ్చారు? ఆశయం కోసం వచ్చినవాళ్లున్నారు. పండితులున్నారు. తిండీ గూడూ ఊరికే దొరుకుతాయని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవర్ని చేర్చుకోవాలి, ఎందుకు చేర్చుకోవాలి అని అడిగిన నాథుడు లేడు. ఆ తెరిచిన తలుపులోనూ ఒక అడ్డుగోడ ఉంది. నల్లజాతి వాళ్లు సభ్యులు కాకూడదని మొదటి నిబంధనావళిలోనే రాసుకున్నారు. సమానత్వం పేరుతో మొదలైన ఊరికి అది మొదటి రోజు నుంచే మచ్చ.

అంతకంటే విచిత్రం, ఊరు మొదలవగానే ఓవెన్ ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఇరవై మూడేళ్లు నిండీ నిండని కొడుకు విలియంకి అప్పజెప్పి వెళ్లి, మళ్లీ 1826 జనవరిలో తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ విలియం మక్లూర్, థామస్ సే వంటి శాస్త్రజ్ఞుల్నీ, ఉపాధ్యాయుల్నీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లొచ్చిన పడవకి జ్ఞానపు పడవ అని పేరుపడింది. అయితే ఊరికి అప్పుడు కావలసింది దున్నేవాళ్లు, వడ్రంగులు, కుమ్మరులు. పని తెలిసినవాళ్లు లేక కొన్ని కార్ఖానాలు నడవలేదు. వారం వారం నృత్యాలు, కచేరీలు, చర్చలు మాత్రం బాగా జరిగాయి.

దుకాణంలో ప్రతి సభ్యుడికీ ఒక ఖాతా. చేసిన పని జమ, తీసుకున్న సరుకు ఖర్చు. ఎవరి పని ఎంత విలువ అన్నదే తగాదా. 1826 ఫిబ్రవరిలో పూర్తి సమానత్వం ప్రకటించారు. అప్పుడు తగాదా ఇంకో రూపం ఎత్తింది. ఒళ్లు వంచేవాడికీ, ఒళ్లు దాచుకునేవాడికీ ఒకటే వాటా ఏమిటన్నారు. ఆడవాళ్ల అవస్థ మరీ ఘోరం. సమానులన్న పేరుకి ఊరి పని చెయ్యాలి. ఇంటికొచ్చి వంటా వార్పూ, పిల్లలూ మామూలే. రెండేళ్లలో ఏడుసార్లు నిబంధనావళి మార్చారని లెక్క చెబుతారు. మతం దగ్గర కొందరు, వ్యవసాయం దగ్గర కొందరు విడిపోయి వేరుకుంపట్లు పెట్టుకున్నారు. 1827 వేసవికి ఓవెన్ వెళ్లిపోయాడు. ఆయన ఆస్తిలో సుమారు అయిదింట నాలుగు వంతులు, అంటే 40,000 పౌండ్ల దాకా, అక్కడ ఖర్చయిపోయింది.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు హాస్టల్ మెస్ గుర్తొస్తుంది. నేను చదువుకునే రోజుల్లో మాది డివైడింగ్ మెస్. నెలాఖరుకి ఖర్చు తలా ఇంత అని పంచేవాళ్లు. కూరగాయలు తేవడం మా వంతుల ప్రకారం మాదే. వంకాయలు పుచ్చులైతే తెచ్చినవాణ్ణి పదిమందీ పట్టుకుని అడిగేవారు. వారం తిరక్కముందే అడిగినవాడి వంతు వచ్చేది. అంచేత అడగడంలో ఒక మర్యాద, జవాబు చెప్పడంలో ఒక భయం ఉండేవి. గొడవలు లేవని కాదు, రోజూ ఉండేవి. అయినా మెస్ నడిచింది, ఎందుకంటే డబ్బు మాది, పుచ్చు వంకాయా మాదే. న్యూ హార్మొనీలో లేనిది సరిగ్గా ఇదే అనిపిస్తుంది. భూమి ఓవెన్‌ది, డబ్బు ఓవెన్‌ది, నష్టం ఓవెన్‌ది. సభ్యులకి మిగిలింది ఫిర్యాదు ఒక్కటే.

ఓవెన్ సిద్ధాంతం మీద పుట్టిన మరో ఊరి సంగతి చెప్పకపోతే ఈ కథకి న్యాయం జరగదు. ఐర్లండులో, క్లేర్ జిల్లాలో రాలహీన్ అని ఒక ఎస్టేటు. దాని జమీందారు వాండెల్యూర్. 1831లో అక్కడి కూలీలతో ఒక సంఘం పెట్టించాడు. ఇ.టి. క్రెయిగ్ అనే ఓవెన్ అనుయాయి దాన్ని నడిపాడు. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలంటే సభ్యులే ఓటు వేసేవారు. రేపు ఎవరు ఏ పని చెయ్యాలో వాళ్లు ఎన్నుకున్న కమిటీ ఏ రోజుకారోజు తేల్చేది. అద్దె సక్రమంగా కట్టారు, పంట పెంచారు. అంతా సవ్యంగా సాగుతుండగా 1833లో జమీందారు జూదంలో సర్వం పోగొట్టుకుని పారిపోయాడు. అప్పులవాళ్లు ఎస్టేటు పట్టుకున్నారు. సంఘానికి చట్టంలో ఏ హక్కూ లేదు. బాగా నడిచే ఊరు కూడా పక్కవాడి పేకముక్కతో కూలిపోయింది!

ఓవెన్ ఇంగ్లండు తిరిగొచ్చేసరికి కార్మికులే ఆయన్ని నాయకుడిగా నిలబెట్టారు. 1832లో లండన్‌లో శ్రమ మారకపు బజారు పెట్టి, పని గంటల లెక్కన నోట్లు అచ్చువేయించాడు. రెండేళ్లలో అది మూతపడింది. 1834లో దేశవ్యాప్త కార్మిక సంఘానికి నాయకత్వం వహించాడు. అది ఆ ఏడు దాటలేదు. 1839లో హాంప్‌షైర్‌లో క్వీన్‌వుడ్ అనే ఊరు మొదలైంది. భారీ భవనం కట్టి అప్పులపాలై, 1845లో ముగిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1844 డిసెంబరు 21న, రాచ్‌డేల్ అనే నేతపని ఊళ్లో టోడ్ లేన్ అనే సందులో ఒక చిన్న కొట్టు తెరిచారు. పెట్టుబడి 28 పౌండ్లు. సభ్యులు 28 మంది. వారం వారం పెన్నీలు కూడబెట్టి తలా ఒక పౌండు వేసుకున్నారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్ పిండి అమ్మకానికి పెట్టారు. వాళ్లలో చాలామంది ఓవెన్ శిష్యులే. వాళ్ల మొదటి నిబంధనల్లో కొట్టు తర్వాత ఇళ్లు, ఆ తర్వాత పరిశ్రమ, భూమి, చివరికి తమ కాళ్ల మీద తాము నిలిచే ఉమ్మడి ఊరు అని వరసగా రాసుకున్నారు. అంటే గురువుగారి కలనే రెండో చివర నుంచి మొదలుపెట్టారు. మనిషికి ఒక ఓటు, కొన్న సరుకు మేరకు లాభంలో వాటా. ఆ ఊరి దాకా వాళ్లు చేరలేదు. అయినా 1904లో మన దేశంలో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టానికి, ఈనాటి మన పాల సంఘాలకి, అన్నింటి వెనకా ఆ సందు కొట్టు నీడ ఉంది.

ఓవెన్ చివరి దాకా ఆశ వదల్లేదు. వృద్ధాప్యంలో ఆత్మలతో మాట్లాడే వ్యాపకంలో పడితే జనం నవ్వారు. 1858లో, 87వ ఏట, జబ్బుతోనే పుట్టిన ఊరు న్యూటౌన్ చేరి, నవంబరు 17న కన్నుమూశాడు. అమ్మానాన్నల సమాధి పక్కనే పూడ్చిపెట్టారు. 1902లో ఆ సమాధిని బాగుచేయించి స్మారకం కట్టించింది సహకార సంఘాలవాళ్లు.

ఓవెన్ ఓడిపోయాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరిస్థితులు మనిషిని తయారుచేస్తాయన్న ఆయన మాటలో నిజముంది. ఆ పరిస్థితుల్ని తయారుచేసే పని కూడా ఆ మనుషుల చేతిలోనే ఉండాలన్నది రాచ్‌డేల్ నేతగాళ్లు దానికి చేర్చిన రెండో సగం. మన విద్యార్థి మిత్రుల్లో రేపు కొందరు పల్లెలో సంఘం పెట్టొచ్చు, కొందరు నలుగురితో కలిసి బడి పెట్టొచ్చు, ఏమీ కాకపోయినా ఒక కాలనీలో ఇల్లు కట్టుకుని పొరుగువాళ్లతో నీళ్ల పంపు పంచుకోవచ్చు. అప్పుడు మంచి మనసున్న దాత దొరికితే సంతోషమే. కాకపోతే ఆయన చెక్కు తీసుకునే ముందు, మనం తలా ఒక పౌండు వేసుకున్నామా లేదా అని ఒకసారి చూసుకోండి. భూమి ఎవరి పేరున ఉందో కూడా చూసుకోండి.